తీరపు ఇంటి ఆకాశము: తుఫాను హెచ్చరికల చరిత్ర

సముద్రపు ఒడ్డున ఇల్లు కట్టుకొన్నవారికి ఆకాశమే పంచాంగము. తెల్లవారుతూనే తూర్పున ఏ రంగు తేలినది, గాలి ఏ దిక్కునుండి తిరిగినది, సూర్యచంద్రుల చుట్టు వరదగుడి కట్టినదా లేదా అని చూచి, పడవను నీటిలోనికి దింపవలెనా ఒడ్డుననే ఉంచవలెనా అని నిశ్చయించుకొనుట వారికి తరతరాల అలవాటు. ఈ అలవాటు మన కోస్తాలో ఉన్నట్లే ఇంగ్లండులోను, స్కాట్లండులోను, నార్వేలోను ఉన్నది. ఆ దేశాలలో శీతకాలపు తుఫానులు మరింత తరచుగా వస్తాయి. అక్టోబరు మొదలు మార్చి వరకు అట్లాంటిక్ మహాసముద్రము మీదుగా ఒకదాని వెంట ఒకటిగా అల్పపీడనములు తూర్పునకు సాగివచ్చి ఆ తీరాలను తాకుతూ ఉంటాయి.

అనుభవమువలన కలిగిన ఈ జ్ఞానమును తేలికగా త్రోసివేయరాదు. అందులో నిజము చాలా ఉన్నది. కాని ఒక ఇంటినుండి కనిపించే ఆకాశము ఎంత? మేఘములు ఎంత ఎత్తున ఉన్నను, దిక్చక్రము వరకు చూచినను, కొన్ని వందల కిలోమీటర్లకు మించదు. తుఫాను అంతకంటె ఎంతో పెద్దది. ఏనుగును తడిమి చూచిన గుడ్డివారి కథ మనకు తెలిసినదే. తుఫాను విషయములోను మానవజాతి చాలాకాలము అట్లే తడుముతూ ఉండినది. అనేక ఇండ్ల ఆకాశములను ఒక్క కాగితముమీదికి తెచ్చి చూచిన తరువాతగాని దాని ఆకారము తెలియలేదు. అది ఎట్లు జరిగినదో, అందుకు ఎంత మూల్యము చెల్లింపవలసివచ్చినదో తెలుసుకొందము.

'రాయల్ చార్టర్' ఓడ

1859వ సంవత్సరము అక్టోబరు నెలలో 'రాయల్ చార్టర్' అను ఓడ ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నుండి ఇంగ్లండులోని లివర్‌పూలు రేవునకు తిరిగివస్తున్నది. తెరచాపలతోపాటు ఆవిరియంత్రము కూడ ఉన్న ఓడ అది. అందలి ప్రయాణికులలో చాలమంది ఆస్ట్రేలియా గనులలో బంగారము సంపాదించి ఇండ్లకు మరలుతున్నవారు. ప్రయాణము దాదాపు ముగిసినది. ఇక కొన్ని గంటలలో రేవు చేరవలసియుండగా వేల్సు దేశపు ఆంగ్లిసీ ద్వీపమువద్ద పెనుగాలి పట్టుకొన్నది. అక్టోబరు 26వ తేదీ తెల్లవారుజామున మోల్‌ఫ్రి గ్రామము దాపున ఓడ రాళ్ళకు కొట్టుకొని ముక్కలైనది. ఒడ్డు ఎంతో దూరములేదు. అయినను సుమారు 450 మంది మరణించినారు. బ్రతికినవారు దాదాపు 40 మంది. వారిలో ఒక్క స్త్రీగాని ఒక్క బిడ్డగాని లేరు.

ఆ ఒక్క తుఫానులోనే బ్రిటిషు తీరము పొడవున 133 ఓడలు మునిగినవనియు, దాదాపు 800 మంది చనిపోయినారనియు లెక్కలు తేల్చినవి. దేశమంతట కలవరము పుట్టినది. అప్పుడు ఒక ప్రశ్న తలయెత్తినది. ఈ తుఫాను ఒక్కసారిగా ఆకాశమునుండి ఊడిపడలేదు. దక్షిణమునుండి ఉత్తరమునకు క్రమముగా సాగినది. ముందుగా దెబ్బతిన్న తీరములకును, తరువాత దెబ్బతిన్న తీరములకును మధ్య గంటలకొలది వ్యవధి ఉన్నది. తంతితపాలా అప్పటికే దేశమంతట వ్యాపించినది. తుఫానుకంటె తంతి వార్త వేగముగా పోగలదు గదా! మరి ముందుగా ఎందుకు చెప్పలేకపోయినారు?

ఫిట్జ్‌రాయ్ చేసిన పని

ఈ ప్రశ్నకు జవాబు చెప్పుటకు పూనుకొన్నవాడు రాబర్ట్ ఫిట్జ్‌రాయ్. చార్లెస్ డార్విను 1831 నుండి 1836 వరకు ప్రపంచయాత్ర చేసిన 'బీగిల్' ఓడకు కెప్టెను ఈయనయే. తరువాత కొంతకాలము న్యూజిలాండునకు గవర్నరుగా పనిచేసి, 1854లో లండనులోని వర్తకశాఖవారు నెలకొల్పిన వాతావరణ విభాగమునకు అధిపతి అయినాడు. ఓడలవారు వ్రాసిపెట్టిన గాలుల వివరములను పోగుచేసి పట్టికలు తయారుచేయుట మాత్రమే ఆ విభాగమునకు అప్పగింపబడిన పని. ఫిట్జ్‌రాయ్‌కి అది చాలలేదు. నావికునిగా ఆయన పెనుగాలుల నోటికి చిక్కి బయటపడినవాడు.

ముందుగా ఆయన చిన్న చిన్న చేపల రేవులలో అందరికి కనబడునట్లు బారోమీటర్లను పెట్టించినాడు. గాలి బరువును కొలిచే ఈ పరికరములో పాదరసము వేగముగా దిగినచో పెనుగాలి రానున్నదని సామాన్యముగా చెప్పవచ్చును. పడవ ఎక్కబోయే ముందు దానిని ఒక్కసారి చూచిపొమ్మని ఆయన సలహా.

రాయల్ చార్టర్ ప్రమాదము జరిగిన తరువాత ఆయన మరియొక అడుగు వేసినాడు. తీరము పొడవున ఎన్నుకొన్న స్థలములనుండి ప్రతిదినము ఉదయము గాలి దిక్కు, బలము, వాయుపీడనము, ఉష్ణోగ్రత, ఆకాశస్థితి తంతిమూలమున లండనుకు చేరే ఏర్పాటు చేసినాడు. వాటిని అన్నిటిని ఒకచోట పోల్చి చూచి, ఏ తీరమునకు పెనుగాలి రానున్నదో ఊహించి, ఆ రేవులకు తిరిగి తంతి పంపేవాడు. అక్కడ ఎత్తయిన స్తంభముమీద గుర్తులు ఎగురవేసేవారు. శంకువు ఆకారపు గుర్తు మొన పైకి ఉన్నచో ఉత్తరపు గాలి. మొన క్రిందికి ఉన్నచో దక్షిణపు గాలి. పీపావంటి డోలు ఆకారము కనబడినచో గాలి దిక్కులు మార్చుకొంటూ వీచునని అర్థము. చదువురాని పడవవానికి కూడ ఇది తెలుస్తుంది. మొదటి హెచ్చరిక 1861 ఫిబ్రవరి 6వ తేదీన వెలువడినది. ఆ సంవత్సరమే ఆగస్టు 1వ తేదీన 'టైమ్స్' పత్రికలో సామాన్య ప్రజల కొరకు మొదటి వాతావరణ సూచన అచ్చయినది.

ఈ హెచ్చరికలు కొన్ని ఫలించినవి, కొన్ని తప్పినవి. తప్పినప్పుడు పత్రికలు పరిహాసము చేసినవి. పెద్ద శాస్త్రజ్ఞులకు మరియొక ఆక్షేపణ ఉన్నది. గాలులు ఎందువలన పుట్టునో తెలియకుండ రేపు ఏమి జరుగునో చెప్పుట శాస్త్రము కాదని వారి వాదము. అందులో సత్యము లేకపోలేదు. ఫిట్జ్‌రాయ్ వద్ద ఉన్నది అనుభవమేగాని పూర్తి సిద్ధాంతము కాదు. కాని సిద్ధాంతము సిద్ధమగువరకు ఓడలు ఆగవు గదా! అనారోగ్యము, అప్పులు, మనోవేదన ఒక్కటై ఆయనను కృంగదీసినవి. 1865 ఏప్రిల్ 30వ తేదీన ఆయన తన ప్రాణము తానే తీసుకొన్నాడు.

ఆయన తరువాత ఒక సంఘము ఈ పనిని విచారించి, 1866 చివర హెచ్చరికలను ఆపించినది. అప్పుడు నోరెత్తినవారు శాస్త్రజ్ఞులు కారు, రేవులలోని నావికులు. నూటికి నూరు పాళ్ళు నిజము కాకపోయినను ఆ గుర్తులు మాకు కావలెనని వారు పట్టుబట్టినారు. ఏడాది గడిచేసరికి గుర్తులు మళ్ళీ స్తంభములు ఎక్కినవి. పత్రికలలో సూచనలు మాత్రము 1879 వరకు తిరిగి రాలేదు.

అదే కాలమున మన తీరము

ఫిట్జ్‌రాయ్ లండనులో ఈ పనిలో ఉన్న కాలముననే మన తీరముమీద రెండు మహాప్రళయములు సంభవించినవి. 1864 అక్టోబరు 5వ తేదీన కలకత్తాను తుఫాను నాశనము చేసినది. నెల తిరుగకుండ నవంబరులో మచిలీపట్నముమీద మరియొకటి విరుచుకుపడినది. సముద్రము ఊరిమీదికి పొంగి, సుమారు 30,000 మందిని పొట్టన పెట్టుకొన్నదని చెప్పుదురు. ఇక్కడ ఏ స్తంభముమీదను ఏ గుర్తు ఎగురలేదు.

అట్లని బంగాళాఖాతపు తుఫానులను గురించి ఎవరును ఆలోచింపలేదని కాదు. కోరంగి రేవును 1839 నవంబరులో తుఫాను ధ్వంసము చేసిన కాలముననే కలకత్తాలో హెన్రీ పిడ్డింగ్‌టన్ అను ఆయన ఓడల దినచర్య పుస్తకములను తెప్పించి, ఒకే తుఫానులో చిక్కిన వేర్వేరు ఓడలు ఏ గంటకు ఏ దిక్కు గాలిని చూచినవో పటముమీద గుర్తించుచుండెను. ఆ గుర్తులన్నియు కలిపిచూడగా గాలి ఒక కేంద్రముచుట్టు సుడి తిరుగుతున్నట్లు తేలినది. పాము చుట్టవలె ఉన్నదని గ్రీకు భాషలోని మాటనుండి 'సైక్లోను' అను పేరును 1848లో పెట్టినది ఆయనయే. ఇక్కడకూడ రహస్యము అదే. ఒక్కొక్క ఓడ చూచినది ఒక్కొక్క గాలి. అన్ని ఓడలు కలిసి చూచినది సుడి.

1864 ప్రళయము తరువాత, 1865లో, కలకత్తా రేవుకు తుఫాను హెచ్చరికల ఏర్పాటు జరిగినది. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడినది. మన రేవులలో పగటిపూట ఎగురవేసే ప్రమాద సూచికలలో శంకువులును డోళ్ళును ఉండుట గమనింపదగినది. రేడియోలో 'ఒకటవ నంబరు ప్రమాద సూచిక' అని వినునప్పుడు, దానికి వెనుక నున్న ఆలోచన 1861 నాటిదని విద్యార్థులు జ్ఞాపకముంచుకొనవలెను.

నిర్మలాకాశము చేసిన మోసము

ఇప్పుడు మళ్ళీ ఉత్తర సముద్రతీరమునకు పోదము. స్కాట్లండు తూర్పుతీరమున ఐమత్ అనునది చేపలవారి ఊరు. 1881 అక్టోబరులో కొన్నిదినములు వరుసగా వాతావరణము బాగుండక పడవలు ఒడ్డుననే ఉండిపోయినవి. 14వ తేదీ శుక్రవారము ఉదయము గాలి ఆగినది, ఎండ కాసినది. ఆకాశములో చెప్పుకోదగిన కీడు ఏమియు కనిపించలేదు. కాని రేవులోని బారోమీటరులో పాదరసము బాగా దిగియున్నది. ఇంటిలో గింజలు నిండుకొన్నవాడు ఎండను నమ్మునా, గాజుగొట్టమును నమ్మునా? పడవలు బయలుదేరినవి.

మధ్యాహ్నమునకు ఆకాశము నల్లబడినది. ఆ వెంటనే ప్రచండమైన గాలి. తిరిగివస్తున్న పడవలు కొన్ని రేవు ముఖమువద్దనే, ఒడ్డున నిలిచి చూస్తున్న భార్యాబిడ్డల కండ్లయెదుటనే రాళ్ళకు కొట్టుకొని పోయినవి. ఆ తీరమున మొత్తము 189 మంది చేపలవారు మరణించినారు. అందులో 129 మంది ఐమత్ వారే.

ఇందులో చేపలవారిని తప్పుపట్టి ప్రయోజనములేదు. తమ ఇంటిమీద ఉన్న ఆకాశమును వారు సరిగానే చదివినారు. ఆ ఆకాశములో తుఫాను ఇంకను లేదు. బారోమీటరు 'గాలి బరువు తగ్గినది' అని మాత్రము చెప్పగలదు. ఎప్పుడు, ఎటునుండి, ఎంత బలముతో అని చెప్పలేదు. అందుకు తుఫాను లోపలి నిర్మాణము తెలియవలెను. అది తెలియుటకు మరి నలుబది ఏండ్లు పట్టినది.

బెర్గెన్ నగరములోని ఇల్లు

నార్వే పడమటి తీరమున బెర్గెన్ నగరము ఉన్నది. కొండలకును సముద్రమునకును నడుమ ఇరుకుకొన్న ఈ ఊరికి ఏడాదికి 2,000 మిల్లీమీటర్లకు మించి వర్షము కురుస్తుంది. 1917లో విల్‌హెల్మ్ బియర్క్నెస్ అను భౌతికశాస్త్రజ్ఞుడు జర్మనీలోని లైప్‌జిగ్ నగరమును విడిచి ఇక్కడికి వచ్చినాడు. వాతావరణమును భౌతికసూత్రములతో, లెక్కలతో ముందుగా కనుగొనవచ్చునని 1904లోనే ఆయన ప్రతిపాదించియుండెను. కాని బెర్గెన్ వచ్చేనాటికి ఆయనకు ఎదురైనది లెక్కల సమస్య కాదు, ఆకలి సమస్య.

అది మొదటి ప్రపంచయుద్ధకాలము. నార్వే యుద్ధములో చేరలేదు గాని ఆహారధాన్యముల దిగుమతి తగ్గిపోయినది. సొంత పంటను వానలో నానకుండ కోసుకొనవలెనన్నచో రైతుకు ముందుగా వాన సంగతి తెలియవలెను. పడమటినుండి వచ్చే వాతావరణమును ముందు చూచేవి బ్రిటను, ఐస్‌లండులు. యుద్ధరహస్యమని ఆ దేశములనుండి వాతావరణ తంతులు ఆగిపోయినవి. సముద్రమువైపు కిటికీ మూసివేసినట్లయినది.

అప్పుడు బియర్క్నెస్ చేసినపని సామాన్యమైనదిగా తోచవచ్చును. దూరపు చూపు లేనప్పుడు దగ్గరి చూపునే దట్టము చేయవలెనని ఆయన తలచినాడు. 1918 వేసవిలో దక్షిణ నార్వే తీరమంతట పరిశీలన స్థానముల సంఖ్యను అనేక రెట్లు పెంచినాడు. జలాంతర్గాములను కనిపెట్టుటకు నౌకాదళమువారు నిలిపిన కావలివారు, దీపస్తంభముల కాపలాదార్లు, తీరపు గ్రామములలోని చేపలవారు ఈ పనికి కూడివచ్చినారు. గాలి, ఉష్ణోగ్రతలతోపాటు ఆకాశము ఎట్లున్నదో కూడ వారు చెప్పేవారు. తరతరాలుగా తమ ఇంటి వాకిట నిలిచి చూస్తున్న ఆకాశమునే ఇప్పుడు వారు తంతిమీద పంపుతున్నారు.

ఈ వార్తలను పటముమీద దిద్దినవారు యువకులు. బియర్క్నెస్ కుమారుడు యాకోబుకు అప్పుడు ఇరువది ఏండ్లు దాటినవి అంతే. హాల్వోర్ సోల్‌బర్గ్, స్వీడను దేశస్థుడైన తూర్ బెర్గెరాన్ అతనితో కలిసినారు. కొంతకాలము బియర్క్నెస్ నివాసగృహపు పై అంతస్తే వారి కార్యాలయము. వారు పటములు గీయుటతో తృప్తిపడక ఆకాశమును స్వయముగా చూచేవారు. విమానములు, బెలూనులు అంతగా అందుబాటులో లేని ఆ దినములలో పై గాలుల సంగతి మేఘములనుండి ఊహించుటయే మార్గము. తీరపు ముసలివారి విద్య ఈ విధముగా శాస్త్రములో చేరినది.

దట్టమైన పటముమీద ఒక క్రొత్త సంగతి బయటపడినది. అంతకుముందు వాతావరణ శాస్త్రజ్ఞులు సామాన్యముగా అల్పపీడనమును గుండ్రని గుంటవలె గీసేవారు. ఈ పటముమీద చూడగా వాన సన్నని పట్టీలుగా పడుతున్నది. ఆ పట్టీలు రెండు గీతలను అనుసరిస్తున్నవి. ఆ గీతలకు ఇటు అటు గాలి దిక్కు, ఉష్ణోగ్రత ఒక్కసారిగా మారిపోతున్నవి. ఒకవైపు ధ్రువప్రాంతపు చల్లని గాలి, మరియొకవైపు దక్షిణపు వెచ్చని గాలి. రెండును కలియక, సరిహద్దున పెనుగులాడుచున్నవి. యాకోబు బియర్క్నెస్ 1919లో కొద్ది పుటల వ్యాసములో దీనిని ప్రకటించినాడు. యుద్ధభూమిలోని సేనల సరిహద్దు మాటనే తీసుకొని ఆ గీతలకు 'ఫ్రంట్' అని పేరుపెట్టినారు. మనము వాతాగ్రము అంటున్నాము. వెనుకనుండి వేగముగా వచ్చే చల్లని గాలి ముందున్న గీతను అందుకొని వెచ్చని గాలిని నేలనుండి పైకి ఎత్తివేయుననియు, అటుతరువాత తుఫాను బలము ఉడుగుననియు బెర్గెరాన్ చూపినాడు. 1922లో యాకోబు, సోల్‌బర్గ్ కలిసి తుఫాను పుట్టుక, పెరుగుట, నశించుట అను జీవితచక్రమును వర్ణించినారు.

శీతకాలములోనే ఈ తుఫానులు ఎందుకు ప్రబలునో దీనివలన తెలిసినది. ఆ ఋతువులో ధ్రువమునకును భూమధ్యరేఖా ప్రాంతమునకును ఉష్ణోగ్రతలో తేడా అధికము. బరువైన చల్లని గాలి క్రిందికి జారుతూ, తేలికైన వెచ్చని గాలి పైకి లేచుటవలన విడుదలయ్యే శక్తియే పెనుగాలిగా మారుతుంది.

వాకిట నిలిచి చూచినచో

ఇక నార్వే తీరమున ఒక ఇంటి వాకిట నిలిచి, శీతకాలపు తుఫాను వచ్చే క్రమమును చూతము. మొదట పడమటి ఆకాశమున, సుమారు 9 కిలోమీటర్ల ఎత్తున, దూదిపోగులవంటి సిర్రస్ మేఘములు కనిపిస్తాయి. అవి మంచు స్ఫటికముల మేఘములు. వెచ్చని గాలి చల్లని గాలిమీదికి వాలుగా ఎక్కుతూ వచ్చి అంత ఎత్తు చేరినదన్నమాట. ఆ వాలు చాల తక్కువ. సుమారు 100 కిలోమీటర్లు పోయినచో ఒక కిలోమీటరు ఎక్కుతుంది. కాబట్టి మేఘము నెత్తిమీద ఉన్నప్పుడు నేలమీది సరిహద్దు దాదాపు 900 కిలోమీటర్ల దూరములో ఉండవచ్చును. అది గంటకు 40 కిలోమీటర్ల వేగముతో వస్తున్నచో ఒడ్డు చేరుటకు సుమారు 22 గంటలు పడుతుంది. దూదిపోగులు చూచి 'రేపు వాన' అన్న ముసలివాని మాట ఈ లెక్కతో సరిపోతున్నది.

తరువాత పలుచని తెరవంటి మేఘము కమ్మి సూర్యచంద్రుల చుట్టు వరదగుడి కడుతుంది. ఆరు పలకల మంచు స్ఫటికములగుండా కాంతి వంగుటవలన 22 డిగ్రీల వ్యాసార్ధముతో ఈ వలయము ఏర్పడుతుంది. 'దగ్గర గుడి దూరపు వాన, దూరపు గుడి దగ్గర వాన' అని మన పల్లెలలో అనే మాటలోను అర్థమున్నది. దూరపు గుడి ఈ పెద్ద వలయమే. చంద్రుని అంటిపెట్టుకొన్నట్లు కనిపించే చిన్న గుడి నీటి తుంపరలవలన కలిగేది. దానికి తుఫానుతో సంబంధము ఉండనక్కరలేదు.

ఆ మీదట మేఘము దట్టమై, సూర్యుడు గరుకు అద్దము వెనుక దీపమువలె మసకబారుతాడు. బారోమీటరు దిగుతుంది. ఎడతెగని వాన. వెచ్చని గాలి చేరినప్పుడు వాన తగ్గి, తుంపర, మంచు పట్టుకొంటాయి. చివరకు చల్లని గాలి సరిహద్దు వచ్చినప్పుడు పడమట నల్లని గోడవంటి మేఘము లేస్తుంది. ఒక్కపెట్టున గాలి వాయవ్యమునకు తిరిగి, వడగండ్లు రాలి, పాదరసము పైకి లేస్తుంది. గంటలో కడిగినట్టి నీలాకాశము, ఎత్తయిన తెల్లని మేఘములు, వాటి నడుమ ఇంద్రధనుస్సు. తీరవాసులు ఎన్నడును మరువలేని అందమైన ఆకాశము ఇదే. ఇది తుఫాను వెనుకభాగము.

మన తీరమునకు ఇది వర్తించునా?

ఉపాధ్యాయులు ఇక్కడ ఒక జాగ్రత్త వహింపవలెను. సాయంకాలపు ఎర్రదనము మంచి వాతావరణమునకును, ఉదయపు ఎర్రదనము చెడ్డ వాతావరణమునకును గుర్తని ఇంగ్లీషు వాచకములలో ఒక సామెత కనిపిస్తుంది. ఆ దేశములలో అది చాలవరకు నిజము. అక్కడ వాతావరణము పడమటినుండి వస్తుంది. సాయంకాలము సూర్యకాంతి ఎర్రగా మనవరకు వచ్చినదన్నచో పడమటి దిక్కు తేరిపారియున్నదని అర్థము. కాని అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలలో మన కోస్తాకు తుఫానులు తూర్పునుండి, ఆగ్నేయమునుండి వస్తాయి. సాయంకాలము కొండలవైపు ఎర్రగా ఉన్నంతమాత్రమున సముద్రము మీద ఏమున్నదో తెలియదు. ఆ సామెతను మన తీరమునకు తెచ్చుట ప్రమాదము.

నిర్మాణములోను భేదమున్నది. బంగాళాఖాతపు తుఫానులో చల్లని గాలికిని వెచ్చని గాలికిని సరిహద్దులు లేవు. వెచ్చని సముద్రమునుండి లేచిన నీటి ఆవిరి మేఘముగా మారునప్పుడు విడుదల చేసే ఉష్ణమే దానికి ఇంధనము. నడుమ ప్రశాంతమైన 'కన్ను' ఉంటుంది. అది మీదుగా పోవునప్పుడు గాలి ఆగి, తుఫాను పోయినదని జనము బయటికి వచ్చినచో, కొంతసేపటికి ఎదురుదిక్కునుండి అంతే బలముతో గాలి కొడుతుంది. ఐమత్ వారిని మోసగించినది వేరొక ప్రశాంతి అయినను పాఠము ఒక్కటే. పాదరసము అడుగున ఉన్నప్పుడు కలిగే నిశ్శబ్దమును నమ్మరాదు.

రెండు తీరములకును సరిపడే సూత్రము ఒకటి ఉన్నది. హాలండు శాస్త్రజ్ఞుడు బైస్ బాలో దీనిని 1857లో ప్రకటించినాడు. ఉత్తరార్ధగోళములో గాలికి వీపు త్రిప్పి నిలిచినచో అల్పపీడనము మన ఎడమచేతివైపు ఉంటుంది. బెర్గెన్‌లోను, మచిలీపట్నములోను, కాకినాడలోను ఇది నిజమే.

ఆకాశము చూచి ఎన్నటికిని తెలుసుకొనలేని ప్రమాదము మరియొకటి కలదు. అది ఉప్పెన. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమలో సుమారు 10,000 మందిని బలిగొన్నది గాలికంటె ముఖ్యముగా ఉప్పొంగిన సముద్రమే. కృష్ణా ముఖద్వారమున నేల పల్లము, దాపున సముద్రము లోతు తక్కువ. ఏ ఇంటి వాకిట నిలిచినను ఆ నీరు వచ్చువరకు కనబడదు. 1983లో ఇన్‌శాట్-1బి ఉపగ్రహము ఆకాశమునకు ఎగసిన తరువాత తుఫాను మేఘచక్రమును పైనుండి చూచుట మనకు నిత్యకృత్యమైనది. తీర గ్రామములలో తుఫాను ఆశ్రయభవనములు లేచినవి. 1999లో ఒరిస్సా తుఫానులో దాదాపు 10,000 మంది మరణింపగా, 2013 అక్టోబరు 12న అదే రాష్ట్రమున గోపాలపూరు వద్ద తీరము దాటిన ఫైలిన్ తుఫానుకు ముందు దాదాపు పదిలక్షల మందిని సురక్షితస్థలములకు తరలించినారు. మృతుల సంఖ్య పదులలో నిలిచినది. గాలి మెత్తబడలేదు, వార్త ముందు చేరినది, జనము దానిని నమ్మి కదలినారు. ఈ రెండవది మొదటిదానికంటె తక్కువ ముఖ్యము కాదు.

పాఠశాలలో చేయదగిన పని

తీరప్రాంతపు ఉన్నత పాఠశాలలు నాలుగైదు కలిసి ఒక చిన్న ప్రయోగము చేయవచ్చును. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ప్రతిదినము ఒకే గంటకు గాలి దిక్కు, బారోమీటరు అంకె, మేఘముల రకము, ఆకాశపు రంగు నోటుపుస్తకములో వ్రాయవలెను. వారమునకొకసారి ఆ అంకెలను జిల్లా పటముమీద గుర్తించి పోల్చవలెను. అల్పపీడనము ఏర్పడిన వారములో బైస్ బాలో సూత్రము ప్రకారము అది ఏ దిక్కున ఉన్నదో ఒక్కొక్క పాఠశాలనుండి గీత గీచి చూడవలెను. ఆ గీతలు సుమారుగా ఎక్కడ కలియునో చూచి, వాతావరణ శాఖవారు ప్రకటించిన స్థానముతో సరిచూడవచ్చును. గాలి నేలమీద కొంత వంకర తిరుగును గనుక చిన్న తేడా తప్పదు. ఆ తేడాకు కారణము విద్యార్థులచేతనే చెప్పింపవలెను.

ఈ ప్రయోగము తుఫాను హెచ్చరికకు బదులు కాదు. హెచ్చరిక వచ్చినప్పుడు ఇంటి ఆకాశము ఎంత నిర్మలముగా ఉన్నను హెచ్చరికనే పాటింపవలెను. తమ ఊరి ఆకాశము పెద్ద ఆకాశములో ఒక తునక మాత్రమేనని పటముమీద స్వయముగా చూచిన విద్యార్థి, ఆ సంగతిని ఇంటివద్ద పెద్దలకు నమ్మకముగా చెప్పగలడు.